డాక్టరే మందులిస్తుంటే ఫార్మసీ చదివి ఏం లాభం?

ప్రశ్న: మా అమ్మాయికి రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్ ఇప్పించినా ఎంబీబీఎస్ సీటు రాలేదు. తను బీ ఫార్మసీ చేస్తానంటోంది. మా బావమరిదేమో ‘డాక్టర్లే క్లినిక్కులో మందులు కలిపి ఇచ్చేస్తున్నారు, ఇంక ఫార్మసీ దేనికి? చేర్పిస్తే ఫార్మ్-డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ)లో చేర్పించు, పేరు ముందు డాక్టర్ అని వస్తుంది’ అంటున్నాడు. డాక్టర్లు అలా ఇవ్వొచ్చా? రెండింటిలో ఏది మంచిది?
- పల్నాడు జిల్లా నుంచి ఒక తండ్రి

ఇవ్వొచ్చండి, కానీ తన దగ్గర వైద్యం చేయించుకునే రోగికి మాత్రమే. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు రాసిన చీటీకి మందు కలపాలన్నా ఇవ్వాలన్నా రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి, అయితే డాక్టరు తన సొంత రోగులకు ఇచ్చుకోవడానికి అందులోనే మినహాయింపు ఉంది. డ్రగ్స్ రూల్స్‌లో మినహాయింపుల జాబితా అయిన షెడ్యూల్ కె కూడా ఇదే చెబుతుంది, కాకపోతే షాపు తెరవకూడదు, కౌంటర్ మీద వచ్చేపోయేవాళ్లకి అమ్మకూడదు, లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొని ఆ లెక్క ఉంచుకోవాలి. చెన్నైలో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర కాసిని ఆయింట్‌మెంట్లు, లోషన్లు దొరికాయని కేసు పెడితే 2023లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇంకో మాట. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ బావమరిది ఎవర్ని చూసి మాట్లాడుతున్నారో ముందు కనుక్కోండి, ఆ రెండో రకానికి ఈ మినహాయింపు లేదు.

సరే, మీ అసలు భయం చట్టం గురించి కాదు, అమ్మాయి చదువు పనికిరాకుండా పోతుందేమోనని. పోదు. కాంపౌండరు ఎర్ర మిక్చరు కలిపి, సీసాకి కత్తిరించిన కాగితం అంటించి డోసులు గుర్తుపెట్టిన రోజులు పోయాయి. ఇప్పుడు డాక్టరు సొరుగులోంచి తీసిచ్చే స్ట్రిప్పు కూడా ఏ జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పరవాడలోనో తయారైందే, అక్కడ దాన్ని టెస్టు చేసి, కాగితాలు సిద్ధం చేసి బయటికి పంపేవాళ్లలో బీ ఫార్మసీ పిల్లలు బోలెడంతమంది. మెడికల్ షాపు ఒక్కటే దారి అనుకోకండి. ఒకవేళ షాపే పెట్టినా తను కూర్చోవాలి, సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంట్లో ఉండే ఆలోచన మాత్రం వద్దు.

ఫార్మ్-డీ మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. 2008లో వచ్చిన కోర్సు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు. చదువు మంచిదే, వార్డుల్లో తిరిగి నేర్చుకుంటారు, కానీ ఆ తర్వాత మన ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు (వార్డులో రోగుల మందులు సరిచూసేవాళ్లు) అని పిలిచి సరైన జీతమిచ్చే ఉద్యోగాలెన్ని? నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది చివరికి ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) ఆఫీసుల్లో, బీ ఫార్మసీ వాళ్ల పక్క సీట్లోనే కూర్చున్నారు, రెండేళ్లు ఆలస్యంగా. పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా రోగిని చూసి మందు రాసే హక్కు రాదు. ఒక్క లాభం మాత్రం నిజం: అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సుకి వెళ్లాలంటే కనీసం అయిదేళ్ల ఫార్మసీ చదువు అడుగుతారు, నాలుగేళ్ల బీ ఫార్మసీ సరిపోదు. అమ్మాయికి ఆ ఉద్దేశం ఉంటే లెక్క వేరు.

ఉందో లేదో మీరు అడిగారా? ఇంత రాశారు, బావమరిది మాట మొత్తం ఉంది, అమ్మాయి బీ ఫార్మసీయే ఎందుకంటోందో ఒక్క ముక్క లేదు. రెండేళ్లు లాంగ్ టర్మ్‌లో కూర్చుని లేచిన పిల్ల తనంతట తాను ఒక కోర్సు పేరు చెప్పిందంటే అది చిన్న విషయం కాదండీ. పెళ్లి శుభలేఖ మీద డాక్టర్ అని వేయించుకోవాలని మీకుంటే ఆ సంగతి మీరు చూసుకోండి, దానికి ఆమెను ఆరేళ్లు కూర్చోబెట్టొద్దు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు ఇద్దరూ కలిసి రెండు మూడు కాలేజీలకి వెళ్లి రండి. ప్రిన్సిపాల్‌ని కాదు, క్యాంటీన్‌లో ఉన్న ఫైనలియర్ పిల్లల్ని అడగండి, పోయినేడు పాసైన సీనియర్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో.