తుపాకి కంటే ముందు దాని వాషరు కొను

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాపకు షూటింగ్ పోటీల కోసం ఎయిర్ రైఫిల్ కొనాలని రెండు కంపెనీల మధ్య ఊగిసలాడుతున్నావని అమ్మాయి చెప్పింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

భీమవరం వైపు రొయ్యల చెరువు రైతు ఏరియేటర్, అదే నీటికి గాలి పట్టించే యంత్రం, ఎలా కొంటాడో చూశావుగా. బ్రోచర్ పక్కన పెట్టి, "రాత్రి రెండింటికి గేర్‌బాక్స్ పోతే సామాను ఎవరు తెచ్చిస్తారు?" అని అడుగుతాడు. తెల్లారేసరికి రొయ్య పైకి తేలితే పోయేది తన పంటే కదా. రైఫిల్ అమ్మేవాడిని నువ్వూ అదే అడగాలి.

కాలేజీలో ఎన్‌సీసీ బాధ్యత చూసుకున్న రోజుల్లో నేనొక స్ప్రింగు రైఫిల్ ముచ్చటపడి కొన్నాను. చెక్క పాలిష్ చూసి మురిసిపోయాను. రెండో వర్షాకాలానికి 'టప్' మని పేలాల్సింది 'తుస్' మంది. విప్పితే పిస్టన్ సీలు, అంటే గాలి పక్కలకి కారకుండా ఆపే వాషరు, దాని అంచు ఒక పక్క పెచ్చులూడిపోయి ఉంది. బొటనవేలి గోరంత వస్తువు. కంపెనీ డీలర్ని అడగమంది, డీలర్ కంపెనీని అడగమన్నాడు. చివరికి గన్ పంపమంటే పంపాను. నాలుగు నెలలకు తిరిగొచ్చింది, సీలు కొత్తది, గురి చూసే వెనక సైటు మాత్రం వంకర. ఈలోపు మా కుర్రాడొకడు అరువు గన్‌తో పోటీకి వెళ్లి, చేతికి అలవాటు లేక వెనకబడ్డాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే చెబుతున్నాను, గన్‌కి డబ్బు కట్టకముందు ఆ మోడల్‌కి సరిపోయే ఓ-రింగో (గుండ్రటి రబ్బరు వాషరు) సీలో ఒకటి ఆర్డర్ పెట్టు. పోయేది కొద్ది డబ్బే. ఫోన్ ఎవరు ఎత్తారు, ఏ సైజో తడుముకోకుండా చెప్పారా, సామాను ఎన్నాళ్లకు అమలాపురం చేరింది, బిల్లు వచ్చిందా, అన్నీ రాసిపెట్టుకో. అయిదారేళ్ల కిందటి మోడల్‌కి సామాను ఉందా అని కూడా అడుగు. లేదన్నారంటే పాప ఇంటర్‌కి వచ్చేసరికి ఈ గన్ గతీ అంతే. షూటింగ్ క్లబ్బులో కొత్త గన్ కొని మురిసిపోతున్నవాళ్లని కాదు, రిపేరుకి పంపి తెచ్చుకున్నవాళ్లని కదిలించు. గ్యారంటీలో రానూపోనూ కొరియర్ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకో.

ఇక గన్ సంగతి. పది మీటర్ల టార్గెట్‌లో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే. కాబట్టి ఫ్యాక్టరీలో గన్‌ని బిగించి కాల్చిన టెస్ట్ కార్డు అడుగు. పెల్లెట్లన్నీ, అంటే అందులో వేసే చిన్న గుళ్లన్నీ, ఒకే కన్నంలో దూరినట్టు ఉండాలి, కార్డు మీది నంబరు గన్ మీది నంబరుతో కలవాలి. ఒక్కో బారెల్‌కి ఒక్కో పెల్లెట్ నప్పుతుంది, రెండు మూడు రకాలు కాల్చి చూడనివ్వాలి. గాలి నింపిన సిలిండర్‌తో పేలే రకమైతే క్లబ్బులో గాలి పట్టించి, మీటరు ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకుని, రాత్రంతా వదిలెయ్. పొద్దున్నకి ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. సిలిండర్ మీద తేదీ చూడు. పోటీలకు పదేళ్లు దాటిన సిలిండర్ పనికిరాదు, సెకండ్ హ్యాండ్‌లో చాలామంది మోసపోయేది అక్కడే. బరువు అయిదున్నర కిలోలు మించకూడదు. పాప ఎత్తుకు తగ్గట్టు భుజానికి ఆనే బట్, చెంప ఆనే చెక్క జరపడానికి వీలుండాలి.

మన గాలి సంగతి కంపెనీవాళ్లకి తెలియదు. వర్షాకాలంలో స్పాంజి పెట్టెలో మూసి ఉంచితే ఆ స్పాంజే తేమ పట్టి బారెల్‌కి తుప్పు తెస్తుంది. తుడిచి, ఆరిన గుడ్డ చుట్టి, తాళం వేసిన బీరువాలో పెట్టండి. ఏ నూనె రాయాలో, ఎక్కడ రాయకూడదో వాళ్లనే అడుగు. ఒత్తిడితో నింపిన గాలి తగిలే చోట మామూలు నూనె పోస్తే ప్రమాదం. దీనికి తిన్నగా జవాబు చెప్పిన కంపెనీ మీద నాకు గురి కుదురుతుంది.

బోరు, అంటే బారెల్ లోపలి కన్నం వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకపోతే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. ఆ రెండు అంకెలూ బిల్లులోనో, కంపెనీ కాగితంలోనో ఉండేట్టు చూసుకో. ఇంకో మాట, లైసెన్సు లేదు కదా అని ఇంటి చుట్టుపక్కల కొంగల మీద గురి చూడనివ్వకు. అది నేరం, పాపకు చెడ్డ అలవాటు కూడా.

ఓ-రింగు ఆర్డర్ పెట్టిన రోజున నాకు ఫోన్ చెయ్యి. అది చేతికి అందాక ఆదివారం ఇద్దరూ రండి, కొలిచి చూద్దాం.

మీ మామయ్య