సెల్ఫ్ కొట్టని బండి, నాలుగు ధరల బ్యాటరీ

ప్రశ్న: మాది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం. పాతూరులో ఒక బట్టల అంగట్లో పని చేస్తాను. జీతం 17,000. బండి 2018 స్ప్లెండర్. నెల రోజులుగా పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఆగిపోతోంది, కిక్కు మీదే వస్తోంది. హారన్ కూడా గొంతు పోయినట్టు మోగుతోంది. సర్వీస్ సెంటర్లో కొత్త బ్యాటరీకి 1,650 అన్నారు. బ్యాటరీల డీలరు 1,400 అన్నాడు, పాతది ఇస్తే 1,250. కార్డు మీద 24+24 నెలలని ఉంది. మా మెకానిక్ లోకల్ బ్యాటరీ 750కి వేస్తానంటున్నాడు, ఆరు నెలల గ్యారంటీ, అదీ నోటిమాట. సెకండ్ హ్యాండ్‌ది 400కి ఉందంటున్నాడు. నెలాఖరు కదా, చేతిలో డబ్బు లేదు. ఫోన్‌లో ఒక లోన్ యాప్ 2,000 ఇస్తానంటోంది. స్నేహితుడేమో ఈ బండి అమ్మేసి ఈఎంఐలో కొత్తది తీసుకోమంటున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: మీ స్నేహితుడి మాట ముందు పక్కన పెట్టేద్దాం. పన్నెండు వందల రిపేరు తప్పించుకోవడానికి మూడేళ్ల పాటు నెలనెలా వేలు కట్టడమంటే, బల్బు మాడిందని ఇల్లు ఖాళీ చేసినట్టే. ఇంజన్ బాగుంటే ఆ బండి ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది.

ఇక బ్యాటరీ. నాలుగు ధరలు కనుక్కున్నారు, మంచిదే. కానీ పోయింది బ్యాటరీయేనా అని ఎవరైనా మీటర్ పెట్టి చూశారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. నాకు అనుమానం అక్కడే వచ్చింది.

మల్టీమీటర్ ప్రతి మెకానిక్ దగ్గరా ఉంటుంది. ఐదు నిమిషాల పని. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, ఇంకా కిక్కు కొట్టకముందే, బ్యాటరీ టర్మినల్స్ దగ్గర చూడమనండి. 12.6 నుంచి 12.8 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12 దగ్గరికి వచ్చిందంటే ఖాళీ అయినట్టే. తర్వాత సెల్ఫ్ కొడుతూ చూడాలి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ కూడా అప్పుడు 10 కిందికి జారిపోతే దాని పని అయిపోయినట్టే. అసలైన పరీక్ష మూడోది, దీన్నే ఎక్కువ మంది వదిలేస్తారు. ఇంజన్ ఆన్ చేసి, కొంచెం రేజ్ ఇచ్చి చూస్తే 13.5 నుంచి 14.5 మధ్యలో రావాలి. 13 కూడా దాటకపోతే చార్జింగ్ కాయిల్లోనో, ఆర్ఆర్ యూనిట్‌లోనో (బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపు చేసే రెగ్యులేటర్ రెక్టిఫయర్), వైరింగ్‌లోనో తేడా ఉంది. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. ఈ రెంటిలో ఏది ఉన్నా మీరు 1,250 పెట్టి కొన్నా, 1,650 పెట్టి కొన్నా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. కొత్తది కూడా కొన్ని నెలల్లోనే ఇలాగే టక్ టక్ అంటుంది.

టర్మినల్స్‌కి తెల్లగా, పచ్చగా బూజులాగా పట్టి ఉంటే వేడినీళ్లలో కాస్త తినే సోడా కలిపి తుడిపించండి. బిగించి, కొంచెం వ్యాజలీన్ రాయండి. కొందరికి సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

ఇంకో మాట. మీరుండేది ఊరి పక్కనే, బండి తిరిగేది నాలుగు మైళ్లు. సెల్ఫ్ ఒక్కసారి లాగిన కరెంటు తిరిగి ఎక్కాలంటే బండి కాసేపు నడవాలి. పొద్దున ఒకసారి, టీకి ఒకసారి, అన్నానికి ఒకసారి అని చిన్న చిన్న దూరాలకి సెల్ఫ్ కొడుతూ పోతే ఖర్చు రోజూ, జమ అరకొర. దానికి తోడు 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకి ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. అందుకని ఒకసారి బ్యాటరీ షాపులో రాత్రంతా చార్జింగ్ పెట్టించి చూడండి. మర్నాడు 12.6 నిలబడి, నాలుగు రోజులు సెల్ఫ్ బాగా పనిచేస్తే కొనాల్సిన పనే లేదు. పొద్దున మొదటిసారి మాత్రం కిక్కు అలవాటు చేసుకోండి. రెండు రోజులకే మళ్లీ పడిపోయి, ఇంజన్ ఆన్‌లో చార్జింగ్ మాత్రం సరిగ్గానే వస్తుంటే, అప్పుడు కొత్తది కొనాల్సిందే.

కొనాల్సి వస్తే ఏది? వాళ్లు చెప్పిన ధరని గ్యారంటీ నెలలతో భాగించి చూడండి. డీలరు బ్యాటరీకి మొదటి 24 నెలలనే లెక్కలోకి తీసుకుందాం, కారణం కింద చెబుతాను. 1,250ని 24తో భాగిస్తే నెలకి 52 రూపాయలు. సర్వీస్ సెంటర్‌ది కూడా అదే వారంటీ అనుకుంటే 69. లోకల్ బ్యాటరీ 750, ఆరు నెలలు: నెలకి 125. డీలరు బ్యాటరీతో సమానం కావాలంటే అది పద్నాలుగు నెలలకి పైగా నడవాలి. మెకానిక్‌ని ఒక్క మాట అడగండి: "అన్నా, పదిహేను నెలలని కాగితం మీద రాసిస్తావా?" రాసిస్తే ఆలోచించొచ్చు. నవ్వేస్తే జవాబు వచ్చేసినట్టే. 400ది మూడు నెలలకి పోతే నెలకి 133 పడుతుంది, అంటే అన్నింటికన్నా ఖరీదైనది అదే. ఇంకొకరి బండిలోంచి ఎందుకు ఊడదీశారో మనకి తెలియని సరుకు అది.

24+24 అంటే నాలుగేళ్ల గ్యారంటీ అని చాలామంది అనుకుంటారు. కాదు. మొదటి 24 నెలల్లో తయారీ లోపంతో పోతే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 24 నెలల్లో కొత్తది కొంటే కొంత శాతం తగ్గింపు ఇస్తారు, నెలలు గడిచేకొద్దీ ఆ శాతం కరిగిపోతూ ఉంటుంది. పైగా ఆ తగ్గింపుని సాధారణంగా ఎంఆర్‌పీ మీద లెక్కిస్తారు. మనం మామూలుగా కొన్నా ఎంఆర్‌పీ కంటే తక్కువకే కొంటాం కాబట్టి చివరికి చేతికి మిగిలేది కొంచెమే. అందుకే రెండో 24ని నేను లెక్కలోకి తీసుకోను. పైగా మన ఎండలు. మే నెలలో అనంతపురంలో 40 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి సీసం, యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. అంగడి ముందు ఎండలో పొద్దుగూకే దాకా బండి పెట్టకుండా ఏ వేపచెట్టు నీడో చూసుకోండి, దానికి ఖర్చేమీ లేదు.

కంపెనీ ఏదని అడుగుతారు. అమరాన్ మన సీమదే, తిరుపతి దగ్గర కరకంబాడిలో మొదలైన అమర రాజా వాళ్లది. ఎక్సైడ్ పాత పేరు, ఎస్ఎఫ్ సోనిక్ కూడా వాళ్లదే. నాకు సొంతగడ్డ అభిమానం ఉంది, కానీ దాన్ని బట్టి కొనమని చెప్పను. బ్యాటరీ పోయిన రోజు మీరు నడిచి వెళ్లగలిగే దూరంలో ఏ కంపెనీ డీలరు ఉన్నాడో, వారంటీ కేసుని విసుక్కోకుండా ఎవరు చూస్తారో వాళ్ల దగ్గర తీసుకోండి. ఆన్‌లైన్‌లో వంద తక్కువకి దొరికినా తర్వాత ఊళ్లో డీలరు "మా దగ్గర కొన్నది కాదు కదా" అనే అవకాశం ఉంది.

డీలరు దగ్గర చూడాల్సింది ముఖ్యంగా తయారీ తేదీ. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. కొన్నేళ్ల కింద కడపలో నా స్కూటర్‌కి ఒక షాపులో బ్యాటరీ వేయించుకున్నాను. వంద తగ్గించాడని సంతోషపడ్డాను. ఎనిమిది నెలలకే పడుకుంది. అప్పుడు చూస్తే అది నేను కొనేనాటికే ఏడాదిగా అరలో కూర్చున్న సరుకు. వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ రాయలేదు, ముద్ర లేదు, నేను బిల్లూ అడగలేదు. జనానికి డబ్బు లెక్కలు చెప్పే మనిషిని, వంద రూపాయల కోసం బిల్లు వదిలేశాను! అమ్మకుండా అరలో ఉన్నా బ్యాటరీ తనంతట తానే చార్జ్ పోగొట్టుకుంటూ ఉంటుంది, అలా ఖాళీగా ఎక్కువ కాలం ఉంటే లోపలి సీసం పలకలు చెడతాయి. ఆరు నెలలు దాటిన సరుకైతే ఇంకోటి తెమ్మనండి.

"బిల్లు వద్దంటే ఇంకో యాభై తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే వారంటీ కాగితం చిత్తుకాగితమే. ఈ బ్యాటరీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కాకుండా 1,000 ఉండే సరుకు 1,280 నుంచి 1,180కి దిగాలి. బిల్లులో 18 పడిందో లేదో చూడండి.

మీ బండికి వచ్చేది 12 వోల్టుల 3 ఏహెచ్ (ఏహెచ్ అంటే ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత). పాత బ్యాటరీ మీద అదే ఉందో లేదో సరిచూసుకోండి. కిక్కు మాత్రమే ఉన్న బండ్లకి వేసే 2.5 ఏహెచ్‌ది చౌకగా వస్తుందని అంటగడితే తీసుకోకండి. పెద్దది వేస్తే ఇంకా బలమన్న మాటా నమ్మకండి, పెట్టెలో పట్టదు. పాతది డీలరుకే ఇచ్చేయండి, 150 తగ్గుతోంది కదా. అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత 2022 నాటి నిబంధనల ప్రకారం తయారీదారులదే.

ఇప్పుడు డబ్బు సంగతి. లోన్ యాప్ అక్కర్లేదు. 2,000 అని చెప్పి 300 ఫీజు కోసుకుని 1,700 చేతిలో పెట్టి, నెల తిరిగేసరికి 2,000 కట్టించుకుంటే నూటికి పదిహేడు రూపాయల పైచిలుకు వడ్డీ పడినట్టు. మన ఊళ్లో ఐదు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం కదా. ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో రాసిన పత్రం ముందే చూపించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది, మీ యాప్‌లో అది కనబడుతుందేమో ఒకసారి వెతకండి. మీది కార్బ్యురేటర్ బండి, కిక్కు ఉంది. జీతం వచ్చే దాకా కిక్కుతో నెట్టుకు రావచ్చు. 2020 తర్వాత వచ్చిన ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లకి ఈ వీలు తక్కువ, బ్యాటరీ పూర్తిగా చస్తే లోపలి పెట్రోలు పంపు కూడా తిరగదు. అయితే బ్యాటరీ ఊడదీసి నడపకండి, ఆర్ఆర్ యూనిట్‌కీ బల్బులకీ దెబ్బ. రాత్రి దారిలో ఇండికేటర్, హారన్ పనిచేయకపోతే మాత్రం జీతం దాకా ఆగకండి. అంగడి యజమానిని వెయ్యి అడ్వాన్స్ అడగండి, అడగడానికి మొహమాటం పడే పెద్ద మొత్తం కాదిది.

తర్వాతి నెల నుంచి బండికని విడిగా 300 పక్కన పెట్టండి. బ్యాటరీకి నెలకి 52. రెండు టైర్లు 3,500 అనుకుని మూడేళ్లకి పంచితే 97. చైన్ సెట్ 1,200, రెండేళ్లకి, నెలకి 50. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 714, దాని మీద 18 శాతం పన్ను, నెలకి 70. మొత్తం 269. దీన్ని మీ జీతం పడే ఖాతాలో ఉంచకండి, కరిగిపోతుంది. పోస్టాఫీసులో 500తో సేవింగ్స్ ఖాతా తెరవొచ్చు. రికరింగ్ డిపాజిట్ దీనికి సరిపోదు, అక్కడ అది ఐదేళ్లది, టైరు మాత్రం ఎప్పుడు పేలుతుందో చెప్పి పేలదు.