కోపం నాన్న పోలికే కావచ్చు, ఫోన్ విసిరింది మాత్రం మీరే

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ముక్కు మీద కోపం. మా నాన్నా అంతే, తాతా అంతేనట. కోపమొస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. కిందటి నెల మా ఆవిడతో మాటా మాటా పెరిగి, బల్ల మీదున్న ఆమె ఫోన్ తీసి గోడకేసి కొట్టాను. మనం అనుకునేలోపే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని శాస్త్రవేత్తలు తేల్చారని ఒక వీడియోలో చూశాను. అదే ఆమెతో అంటే ‘మరి ఆఫీసులో మీ పైఅధికారి ముందు ఏనాడూ ఏమీ విసరలేదే’ అంది. ఈమధ్య మా తొమ్మిదేళ్ల బాబు చెల్లెల్ని కొట్టాడు. తిట్టి సారీ చెప్పించాను. ‘నాకూ నాన్నలాగే కోపం’ అన్నాడు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. నా చేతిలో లేనిదానికి నన్ను తప్పుపట్టడం న్యాయమేనా?

జవాబు: మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘ఆమె ఫోన్ తీసి’ అన్నారు. ఒళ్లు తెలియని కోపంలో ఉన్న మనిషి చేతికి తన ఫోన్ కాకుండా ఆమెదే ఎలా వచ్చింది? విసిరిందైనా గోడకేసి, ఆమె మీదకి కాదు. అంటే అంత కోపంలోనూ మీలో ఏదో ఒక లెక్క నడుస్తూనే ఉంది. ఏది పగిలితే ఆమెకు తగులుతుంది, ఎక్కడ ఆగకపోతే పరిస్థితి చెయ్యిదాటిపోతుంది అన్నది మీకు తెలుసు. మీరు నటించారని అనడం లేదు. కోపం నిజమే. అయితే ఆ కోపాన్ని ఎటు పోనిచ్చారన్న దగ్గర మీ ప్రమేయం ఉంది. పైఅధికారి మాటెత్తి మీ ఆవిడ చెప్పింది ఇదే. నాకంటే సూటిగా చెప్పారు.

ఇక ఆ వీడియో సంగతి. అందులో చెప్పింది బహుశా అమెరికా మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం గురించి అయ్యుంటుంది. మీకు తోచినప్పుడు చెయ్యి కదపండి అని మనుషుల్ని కూర్చోబెట్టి, మెదడులోని విద్యుత్ సంకేతాల్ని నమోదు చేశారు. చెయ్యి కదలడానికి దాదాపు అర సెకను ముందే మెదడులో సందడి మొదలైంది. ‘కదపాలనిపించింది’ అని వాళ్లు గుర్తించింది మాత్రం సుమారు 0.2 సెకన్ల ముందు. దీన్నే ‘మెదడు ముందే నిర్ణయించేసింది’ అని చెప్పుకుంటున్నారు. కానీ మిగిలిన ఆ కాస్త వ్యవధిలో ‘వద్దు’ అని ఆపుకునే వీలుందని లిబెట్టే వాదించారు. 2012లో ఆరన్ షర్గర్ అనే మరో మెదడు శాస్త్రవేత్త బృందం, ఆ సంకేతం అసలు నిర్ణయమే కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులే అయ్యుండొచ్చని చూపించింది. పోనీ అవన్నీ పక్కన పెట్టండి. ఏ కారణమూ లేకుండా చెయ్యి కదపడం వేరు, మాటా మాటా పెరిగి ముదురుతూ వచ్చిన గొడవ వేరు. ఆ గొడవ ముదిరేలోపు మీరు గదిలోంచి బయటికి నడిచే అవకాశం ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో మీకే తెలుసు.

వంశపారంపర్యం మాట నేను కొట్టిపారేయను. త్వరగా చిర్రెత్తే తత్వం కొంతవరకు పుట్టుకతో వస్తుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు 2002లో ఒక సంగతి బయటపెట్టారు. దూకుడుతో ముడిపెట్టిన ఒక జన్యువు రకం ఉన్న మగపిల్లల్లో, చిన్నప్పుడు హింసకు గురైనవాళ్లే పెద్దయ్యాక ఎక్కువగా దారితప్పారు. అదే జన్యువు ఉన్నా సవ్యంగా పెరిగినవాళ్లలో అంత తేడా కనిపించలేదు. ఆ ఫలితం మీద తర్వాత చాలా చర్చ జరిగింది, ఇంకా జరుగుతోంది. అయినా మీకు పనికొచ్చేది అందులో ఉంది. మీ బాబుకి మీ నుంచి ఏ జన్యువులు వెళ్లాయో మీరు మార్చలేరు. వాడు రోజూ ఇంట్లో ఏం చూస్తున్నాడన్నది మాత్రం మీ చేతిలోదే.

బాబు చెల్లెల్ని కొడితే మీరు సారీ చెప్పించారు కదా, ఎందుకని? ‘పాపం, వాడి తత్వం అంత’ అని వదిలేయలేదు. తొమ్మిదేళ్ల పిల్లాడు చెయ్యి ఆపుకోగలడని మీరు నమ్మారు. ఆ నమ్మకం న్యాయమైనదే, వాడి మీద మీకున్న గౌరవం కూడా అదే. మరి 41 ఏళ్ల మనిషికి ఆ గౌరవం ఎందుకు ఇవ్వరు? ‘నేనింతే’ అన్న మాట వినడానికి నిస్సహాయంగా ఉంటుంది. నిజానికి అది రేపటికి ఇవాళే తీసుకుంటున్న అనుమతి.

మీ నాన్నగారి సంగతి మీరు అడగలేదు గానీ, ఉత్తరమంతా ఆయన ఉన్నారు. ఆయన ఏ పరిస్థితుల్లో పెరిగారో అర్థం చేసుకోండి, జాలిపడండి, వీలైతే క్షమించండి. అదే జాలి మీ మీద మీరు చూపించుకునేముందు మాత్రం ఆగండి. ఆయన గడిచిపోయిన కాలాన్ని మార్చలేరు, మీ సాయంత్రాలు ఇంకా మీ ముందున్నాయి.

కోపం పీకల దాకా వచ్చాక నిగ్రహించుకోమంటే ఎవరికైనా కష్టమే. మీ బాధ్యత అంతకు చాలా ముందే మొదలవుతుంది. దవడ బిగియడం, గొంతు పెరగడం, పాత విషయాలు తవ్వడం, ఇలా మీకు ఏది మొదట వస్తుందో గమనించండి. మనసు చల్లగా ఉన్న రోజున మీ ఆవిడతో ముందే చెప్పుకోండి: ‘ఇప్పుడు మాట్లాడలేను, అరగంటలో వస్తాను’ అని లేచి వెళ్తాను అని. వెళ్లినంత కచ్చితంగా తిరిగి రావాలి, లేకపోతే అది తప్పించుకోవడమే అవుతుంది. నిద్ర చాలకపోవడం, మద్యం, డిప్రెషన్, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా చిరాకును పెంచుతాయి, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. డాక్టరు ఏదైనా కనిపెడితే దానికి మందు వాడటం కూడా మీ పనే.

ఆమెకు కొత్త ఫోన్ కొనిపెట్టి ఊరుకోకండి. ‘నువ్వూ అలా అనకుండా ఉండాల్సింది’ అన్న తోక లేకుండా తప్పు ఒప్పుకోండి, పిల్లలు వింటుండగానే. ఆమె వెంటనే కరిగిపోకపోవచ్చు, అది ఆమె ఇష్టం. బాబుతో మాత్రం ‘నాకు కోపం ఎక్కువే, విసరడం మాత్రం నేను చేసిన తప్పు’ అని విడిగా చెప్పండి. ఎప్పుడైనా ఆమె మీద గానీ పిల్లల మీద గానీ చెయ్యి పడి ఉంటే, ఈ ఉత్తరంలో రాయకపోయినా, విషయం ఇంకా పెద్దది. అప్పుడు వాళ్ల భద్రత ముందు, మీ మార్పు తర్వాత. ఏదైనా సరే, కోపం అదుపు మీద పనిచేసే సైకాలజిస్టు దగ్గరికి మొదట మీరొక్కరే వెళ్లండి. దంపతులుగా కౌన్సెలింగ్‌కి రావాలా వద్దా అన్నది ఆమెను అడగండి, ఆమె ‘ఇప్పుడే కాదు’ అంటే ఒత్తిడి పెట్టకండి.