పాఠకుల ప్రశ్నలు: మాస్టారి మీద స్మారక సంచిక

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఏళ్ల తరబడి పనిచేసిన మాస్టారు ఈ మధ్యే కాలం చేశారు. సంవత్సరీకం నాటికి ఆయన జీవితం మీద చిన్న పుస్తకం తేవాలని మా ఆలోచన. ఎలా మొదలుపెట్టాలి?
– పూర్వ విద్యార్థులు, తణుకు ప్రాంతం

జవాబు: ముందు తేదీలు తేల్చుకోండి. పుట్టిన తేదీ, రిటైరైన తేదీ ఆయన పింఛను కాగితాల్లో దొరుకుతాయి. ఏ ఊళ్లో ఎప్పుడు పనిచేశారో సర్వీసు రిజిస్టర్లో ఉంటుంది. దాని జిరాక్సు ఇంట్లో ఉందేమో అడగండి. పుట్టినరోజు మాత్రం ఇంట్లోవాళ్లతో సరిచూసుకోవాలి. బడిలో చేర్చేటప్పుడు అంచనాగా వేసిన తేదీయే ఆ తరంలో చాలామందికి చివరిదాకా నడిచింది.

బడి పేరు దగ్గర కూడా తికమక పడతారు. 1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. రికార్డులో మొదట ‘పంచాయతీ సమితి’ అని, తర్వాత ‘మండల పరిషత్’ అని ఉంటే అవి రెండు బడులనుకోకండి. 2022లో జిల్లాలూ మారాయి కాబట్టి అప్పటి జిల్లా పేరే రాసి, ఇప్పటిది పక్కన ఇవ్వండి.

ఇక జ్ఞాపకాలు. ‘మాస్టారి గురించి నాలుగు మాటలు రాయండి’ అని అడిగితే అందరూ ‘క్రమశిక్షణకు మారుపేరు’ అనే రాసి పంపుతారు. అలాంటివి నలభై పేజీలు ఎవరూ చదవలేరు. ఒత్తులు ఎలా నేర్పేవారు? ఎక్కాలు ఎవరిచేత చెప్పించేవారు? ఒకే గదిలో రెండు తరగతులుంటే, ఒకరికి పాఠం చెప్పేటప్పుడు రెండోవాళ్లకు ఏం పని పెట్టేవారు? కోతల రోజుల్లో బడి మానేసిన పిల్లల్ని ఎలా రప్పించేవారు? ఇలా అడగండి. ఆయన కోపం గురించి ఎవరైనా రాస్తే కొట్టేయకండి. మనిషి కనబడేది అక్కడే. రాయలేనివారి మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, అదే వారంలో రాయించండి. ఒక్కొక్కరికీ 250 మాటలు చాలు. డెమ్మీ 1/8 సైజులో (మామూలు కథల పుస్తకమంత), 13 పాయింట్ల అక్షరంతో అది పేజీకి కాస్త అటూ ఇటూ వస్తుంది.

పేజీలు 16 గుణిజాల్లో ఉంటే ప్రెస్సులో కాగితం వృథా కాదు. 48 లేదా 64 పేజీలకు మధ్యలో పిన్ను కొట్టిస్తే సరిపోతుంది. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లిథో అనే మామూలు అచ్చు కాగితం, అట్టకు 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు అనే నున్నటి మందపాటి కాగితం అడగండి. పాత పాస్‌పోర్టు ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఫోన్‌లో టైపు చేసిన వ్యాసాన్ని డీటీపీవాళ్లు ‘అను’ ఫాంటులోకి (అచ్చుపనికి వాడే తెలుగు ఫాంటు) మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి. కాబట్టి ప్రూఫు చూడాల్సింది మార్చిన తర్వాతే. మనుషుల పేర్లు మరొకరు విడిగా చూడాలి.

ప్రశ్న: ఆయన పేరిట ఏటా బహుమతి పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. రూ. 50,000 డిపాజిట్ మీద 6 శాతం వడ్డీ అయితే ఏడాదికి రూ. 3,000 వస్తుంది. ఒక్కరి పేరిట వేస్తే ఆ మనిషి తర్వాత డబ్బు ఇరుక్కుంటుంది. ఇద్దరు ముగ్గురి ఉమ్మడి ఖాతా మేలు, నామినీ తప్పనిసరి. మొదటి ర్యాంకుకే ఇవ్వాలని లేదు, హాజరు బాగున్న పిల్లలకూ ఇవ్వవచ్చు. బడిని వేరే బడిలో కలిపేస్తే బహుమతి ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే కాగితం మీద రాసుకోండి.