ధైర్యం చెప్పడం మానండి, పొద్దున్నే అరుగు మీదకు తీసుకురండి

‘ముసురు పట్టిందంటే నా భార్య మంచం దిగదు, ఎలా ధైర్యం చెప్పాలి?’ అని అడిగారు. అసలు ధైర్యం చెప్పడమే మానేయండి. ఇది కాలాన్ని బట్టి వచ్చిపోయే డిప్రెషన్, దిగులు జబ్బు. మా ఆవిడకు ఆషాఢంలో మొదలై వినాయక చవితి దాటేదాకా ఇదే వరస. అన్నం సహించదు, ఎంత పడుకున్నా నిద్ర తీరదు, పలకరిస్తే కళ్లనీళ్లు. అలాంటప్పుడు ‘నీకేం తక్కువ?’ అనే మాటంత చేటు ఇంకేదీ లేదు.

ఒక ఏడాది ధవళేశ్వరం దగ్గర వరద 13 లక్షల క్యూసెక్కులు దాటి, రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మా లంకలో అందరూ గేదెలను ఏటిగట్టు మీదకు తోలుతున్నారు. అప్పటిదాకా తల దువ్వుకోవడానికైనా లేవని మనిషి లేచింది. బియ్యం బస్తాలు అటక ఎక్కించింది, పొలం కాగితాలు పాలిథిన్ సంచిలో చుట్టింది, గట్టు మీద టార్పాలిన్ కింద చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు కూడా వండిపెట్టింది. మా మేనత్త ఊరుకుంటుందా? ‘చూశావా, పని పడితే ఎలా లేచిందో! ఇన్నాళ్లూ నటనే’ అంది. వరద తగ్గి, బురద కడిగి ఇంట్లో చేరామో లేదో, మళ్లీ మంచమే. ‘ఇల్లు అంటుకుంటే కాలు విరిగినవాడూ పరిగెత్తుతాడు అత్తయ్యా, అంతమాత్రాన కాలు అతుక్కున్నట్టా?’ అన్నాను. ఆవిడ నాతో మాట్లాడటం తగ్గించింది. అదీ మంచికే.

గట్టు మీద ఉన్నన్నాళ్లూ మా ఆవిడ పగలంతా ఆరుబయటే ఉంది. నన్నడిగితే మందు అదే. 1984లో అమెరికాలో మానసిక వైద్యుడు నార్మన్ రోజెంతాల్ బృందం ఈ కాలాన్ని బట్టి వచ్చే డిప్రెషన్‌ను వివరించినప్పుడే దీపాల వెలుగుతో చికిత్స చేసి చూసింది. ఇప్పుడు పొద్దున్నే అరగంటపాటు 10,000 లక్స్‌ల (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపం ముందు కూర్చోబెడుతున్నారు. అక్కడివాళ్లకు చలికాలపు చీకటి, మనకు ముసురు. మబ్బు పట్టిన పగలైనా బయటి వెలుతురు ముందు ఇంట్లో ట్యూబులైటు ఏపాటి? అందుకే మా కాఫీ వీధి అరుగు మీదే, జల్లు కొట్టినా సరే. మండువా లోగిళ్లు కూల్చుకుని, కొబ్బరితోటల నీడలో నల్లద్దాల కిటికీలతో స్లాబు ఇళ్లు కట్టుకున్నాం. పట్టపగలే లైటు వేయాలి, గాలి వీస్తే ఆ కరెంటూ ఉండదు.

డాక్టరు దగ్గరకు మాత్రం జ్యేష్ఠంలోనే తీసుకెళ్లండి, మంచం పట్టేదాకా ఆగవద్దు. మేము రాజమండ్రి వెళ్తాం. ఎవరైనా అడిగితే కళ్లజోడు కోసమని చెప్పమంటుంది, అలాగే చెబుతాను. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే మర్నాటిదాకా చూడకండి. 14416కు ఫోను చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లు అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులోనే.