టీబీ శిక్షణకు బెంగళూరు వెళ్లడం వల్ల ఉపయోగం ఉందా?

మీ తమ్ముడు ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ అన్నారు. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థలో శిక్షణకు పిలుపొచ్చిందనీ, అసలు ఇలాంటి సంస్థలు ఎందుకు పెట్టారో, వెళ్తే ఏం లాభమో చెప్పమనీ అడిగారు. నేను 1986లో అక్కడే శిక్షణ తీసుకున్నాను. తప్పకుండా పంపండి.

అప్పటికే నేను నాలుగేళ్లుగా కళ్లె పరీక్షలు చేస్తున్నాను, పని వచ్చనే నమ్మకంతోనే వెళ్లాను. రెండో వారంలో ఒక స్లైడు చూసి నెగెటివ్ అని రాసిచ్చాను. మాకు నేర్పే సారు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎన్ని ఫీల్డులు చూశావు?" అని అడిగారు. మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే గుండ్రటి చోటే ఫీల్డు. వంద అన్నాను. "నువ్వు కూర్చుని మూడు నిమిషాలు కాలేదు. మూడు నిమిషాల్లో వంద ఫీల్డులు చూడలేవు నాయనా" అన్నారు. గొంతు పెంచలేదు. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మళ్లీ చూడమన్నారు. ఈసారి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. అరవై దాటాక నీలం మధ్యలో సన్నటి ఎర్ర గీతలు రెండు కనిపించాయి, టీబీ క్రిములు. నా చేతులు చల్లబడ్డాయి. "ఇప్పుడీ మనిషి దగ్గు మందు సీసాతో ఇంటికెళ్లిపోయేవాడు. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకీ అంటేది" అన్నారాయన. ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. అంతకుముందు నాలుగేళ్లలో నేను నెగెటివ్ అని రాసినవాళ్లే కళ్లముందు తిరిగారు.

ఆ దగ్గు మందు సీసా మాట ఆయన ఊరికే అనలేదు. ఆ సంస్థ పుట్టుకలోనే అది ఉంది. 1950లలో టీబీ అంటే శానటోరియం, రోగుల్ని చాలాకాలం ఉంచుకుని చూసే ఆసుపత్రి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి చోట మంచం కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు. 1955–58లో దేశవ్యాప్తంగా సర్వే చేస్తే జబ్బు పట్టణాల్లో ఎంత ఉందో పల్లెల్లోనూ ఇంచుమించు అంతే ఉందని తేలింది. మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉండి కూడా నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన చూపించింది. అంటే కావలసింది మంచాలు కాదు, ప్రతి జిల్లాలో పని తెలిసిన మనుషులు. అందుకే ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సాయంతో కేంద్ర ప్రభుత్వం బెంగళూరు సంస్థను పెట్టింది. అప్పట్లో కేంద్రానికి క్షయ సలహాదారు డాక్టర్ పి.వి. బెంజమిన్. ఆయన అంతకుముందు ఆరోగ్యవరం నడిపిన మనిషే. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థకు అధిపతి అయిన హాఫ్‌డాన్ మాలర్ కూడా తొలి రోజుల్లో అక్కడ పనిచేశారు.

ఆ సంస్థవాళ్లు గదిలో కూర్చుని పాఠాలు రాయలేదు. తుమకూరు జిల్లా పల్లెలకు వెళ్లి రోగులనే అడిగారు. కళ్లెలో క్రిములున్నవాళ్లలో సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లొచ్చినవాళ్లే! జనం రావడం లేదనే మాట తప్పని తేలిపోయింది. వచ్చినవాళ్లకు కళ్లె పరీక్ష చేయకుండా దగ్గు మందిచ్చి పంపుతున్నాం, తప్పు మనదే. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఈ ఎరుక మీదే నిలబడింది. నా లెక్కలో దేశంలో ఇంకే ప్రజారోగ్య సంస్థా ఇంత నిజాయితీగా పని మొదలుపెట్టలేదు.

అప్పట్లో ఇంకో మంచి పద్ధతి, జిల్లా నుంచి ఒక్కరిని కాకుండా జట్టునే పిలవడం. డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్, మందులిచ్చి రోగుల వెంటపడే ట్రీట్‌మెంట్ ఆర్గనైజర్, బీసీజీ టీకాలు వేయించే టీమ్ లీడర్, లెక్కలు రాసే అసిస్టెంటు. మాతో వచ్చిన డాక్టరుగారు నా పక్కనే కూర్చుని స్లైడుకు రంగు వేశారు, వేళ్లన్నీ ఎర్రగా అయ్యాయి. ఆ తర్వాత ఆయన ఏ రోజూ నన్ను "రిపోర్టు త్వరగా ఇవ్వు" అని తొందరపెట్టలేదు.

నా బాధల్లా ఇక్కడే. తిరిగొచ్చిన ఏడాదిలోపే ఆ డాక్టరుగారిని బదిలీ చేశారు. నన్ను ఏడు నెలలు వేరే డ్యూటీకి వేశారు. ఒక టెక్నీషియన్ రోజుకు ఇరవై, ఇరవై ఐదు స్లైడులకు మించి చూడకూడదని నేర్చుకుని వస్తే, మా ఆఫీసులో నలభై పెట్టేవాళ్లు. నలభై స్లైడులంటే మళ్లీ మూడు నిమిషాల చూపే. కేంద్రం ఖర్చుపెట్టి తయారుచేసిన మనిషిని జిల్లాలో ఇలా వాడేస్తే తప్పు బెంగళూరుదా? ఇప్పుడు కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లలదైతే ఇంకా అన్యాయం. శిక్షణ పూర్తయ్యేలోపే కాంట్రాక్టు రెన్యువల్ టెన్షన్.

ఇప్పుడు గంటల్లో ఫలితమిచ్చే మిషన్లు వచ్చాయి, మైక్రోస్కోపు ఎందుకని మీ తమ్ముడు అనవచ్చు. ఎవరి కళ్లె ఆ మిషన్‌లో పెట్టాలో చెప్పేది మనిషే. కప్పులో ఉమ్మి ఉందో, కళ్లె ఉందో చూసి, ఉమ్మి అయితే మళ్లీ తెమ్మని చెప్పేదీ మనిషే.

వెళ్లేముందు తమ్ముణ్ణి పై అధికారి దగ్గరకు పంపి, తిరిగొచ్చాక కనీసం రెండేళ్లు టీబీ ల్యాబ్‌లోనే ఉంచుతామని రాసివ్వమని అడగమనండి. ఇవ్వకపోయినా వెళ్లమనండి. అక్కడ మొదటి రోజు నుంచే ఫీల్డులు నోటితో లెక్కపెట్టుకోమనండి. నేను రిటైరయ్యే రోజు దాకా అలాగే చేశాను.