100 చాలదా, 300 కావాలా?

ప్రశ్న: మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల వేగం) ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. అమ్మాయి ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది, అబ్బాయికి ఆన్‌లైన్ కోచింగ్. 300 ప్లాన్‌కి మారమంటున్నారు, నిజంగా ఉపయోగం ఉంటుందా అండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉంటుందండీ, కానీ సినిమాల కోసమైతే అక్కర్లేదు. టీవీలో 4కే సినిమాకి 25 ఎంబీపీఎస్ ఉంటే చాలు. తేడా తెలిసేది పెద్ద ఫైళ్ల దగ్గర. 5 జీబీ ఫైలు దిగడానికి 100లో దాదాపు 7 నిమిషాలు పడితే 300లో రెండుంబావు నిమిషాల్లో అయిపోతుంది, ఆ 7 నిమిషాలూ లైనంతా అదే లాగేసుకుంటే పక్క గదిలో మీ అబ్బాయి క్లాసు మధ్యలో ఆగి చక్రం తిరుగుతూ ఉంటుంది.

అమ్మాయికి అసలు కావాల్సింది అప్‌లోడ్. వీడియో కాల్‌లో తన ముఖం, మాట అవతలికి చేరేది దాని మీదే. అప్‌లోడ్ కూడా 300 ఇస్తారా అని గట్టిగా అడగండి, చాలామంది ఇది అడగరు.

డబ్బు కట్టే ముందు రౌటర్ చూసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ ఒక్కటే ఉన్న పాతదైతే ఫోన్లకి 300 అందడం కష్టం, 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నది కావాలి. దాన్ని బీరువా వెనక కాకుండా హాల్లో కాస్త ఎత్తులో పెట్టించండి.